అప్పుల్లో విశ్వవిద్యాలయం, తాత్కాలిక సారథ్యం

ప్రైవేటు విశ్వవిద్యాలయం ఆర్థికంగా కుంగిపోయినప్పుడు దాని అధిపతి తానే రాజీనామా చేస్తాడు, లేదా పాలకమండలి తొలగిస్తుంది. శాశ్వత వారసుడు వచ్చేలోగా పగ్గాలు పట్టే వ్యక్తే తాత్కాలిక సారథి. అమెరికాలో ఆయన్ను తాత్కాలిక అధ్యక్షుడంటారు. భారతదేశంలో సందర్భాన్ని బట్టి ఇన్‌చార్జి వీసీ, ప్రత్యేకాధికారి, అడ్మినిస్ట్రేటర్ అన్న హోదాలు వినిపిస్తాయి. గడువు చాలాసార్లు కొన్ని నెలలు, మహా అయితే రెండేళ్లు. ఆ కొద్దికాలంలోనే ఒకటో తారీఖు జీతాలు ఆగకుండా చూడాలి, బ్యాంకులకు నచ్చజెప్పాలి, ఉన్న విద్యార్థులు వేరేచోట చేరిపోకుండా నిలుపుకోవాలి, కొత్త బ్యాచ్ అడ్మిషన్లు జరిపించాలి, గుర్తింపు సంస్థలకు లెక్కలు చూపాలి.

కంపెనీల విషయంలో ఇలాంటి ఏర్పాటు తెలుగువాళ్లు దగ్గరి నుంచి చూసిందే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసం బయటపడగానే కేంద్రం పాత బోర్డును రద్దు చేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ వంటివారితో కొత్త బోర్డు వేసింది. ఏప్రిల్‌కల్లా వేలం ముగిసి కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. హైదరాబాద్ శివార్లలోని బహదూర్‌పల్లిలో నాటి సత్యం ప్రాంగణంలోనే ఇప్పుడు మహీంద్రా విశ్వవిద్యాలయం నడుస్తోంది. అయితే సత్యం బోర్డుకు ఉన్న వెసులుబాటు విశ్వవిద్యాలయాన్ని గట్టెక్కించేవారికి ఉండదు. భారతదేశంలో ప్రైవేటు విశ్వవిద్యాలయాన్ని ట్రస్టో, సొసైటీయో, లాభాపేక్షలేని కంపెనీయో నడపాలి. అమెరికాలో పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలన్నీ దాదాపు లాభాపేక్ష లేనివే. వాటాలు అమ్మి బయటపడే దారి లేదు. నాలుగేళ్ల కోర్సులో రెండో ఏడు చదువుతున్న పిల్లలను సగంలో వదిలేసే హక్కు అంతకన్నా లేదు.

డబ్బు ఎలా అడుగంటుతుంది

విశ్వవిద్యాలయం ఒక్కరోజులో దివాలా తీయదు. అమెరికాలో ప్రకటించిన ఫీజుకూ చేతికొచ్చే ఫీజుకూ మధ్య దూరం ఏటా పెరుగుతూ వచ్చింది. అక్కడి ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకు ప్రకటించిన ఫీజులో సగటున సగానికి పైగా స్కాలర్‌షిప్ పేరుతో తగ్గించేస్తున్నాయి. విద్యార్థుల కోసం పోటీ పెరిగేకొద్దీ రాయితీ పెరుగుతుంది, సీట్లు నిండినా ఖజానా నిండదు. దీనికి తోడు కొత్త భవనాల కోసం తెచ్చిన బాండ్ల అప్పు ఉంటుంది. మెడికల్ కాలేజీ ఉన్నచోట ఆస్పత్రి నష్టాలు అదనం.

శాశ్వత నిధి (ఎండోమెంట్) సంగతి బయటివారికి అంత సులభంగా అర్థం కాదు. ఎనిమిది కోట్ల డాలర్ల నిధి ఉన్న కాలేజీ జీతాలివ్వలేకపోవడమేమిటని అడుగుతారు. ఆ డబ్బులో పెద్ద భాగం దాతలు షరతులతో ఇచ్చింది. సంగీతం చదివే అమ్మాయికి స్కాలర్‌షిప్ అని రాసిచ్చిన డబ్బుతో కరెంటు బిల్లు కట్టడం చట్టవిరుద్ధం. కష్టాల్లో ఉన్న యాజమాన్యం ఎక్కువగా జారేది ఇక్కడే. ముందు ఆ నిధి నుంచి చేబదులు తీసుకుంటారు, తర్వాత దాన్ని పూడ్చడానికి బ్యాంకు దగ్గరకు వెళతారు, ఆపైన వచ్చే ఏడాది ఫీజులను నమ్ముకుని ఈ ఏడాది ఖర్చులు చేస్తారు.

అమెరికా విద్యాశాఖ ప్రైవేటు విద్యాసంస్థల ఆర్థిక ఆరోగ్యానికి ఏటా మార్కులు వేస్తుంది. కొలబద్ద మైనస్ 1 నుంచి 3 దాకా. 1.5 గానీ అంతకు మించి గానీ వస్తే గట్టెక్కినట్టు. అంతకు తగ్గితే బ్యాంకు గ్యారంటీలు అడగవచ్చు, విద్యార్థి సహాయ నిధుల విడుదలపై నిఘా పెట్టవచ్చు. గుర్తింపు పోతే ఆ నిధులు పూర్తిగా ఆగిపోతాయి, అవి ఆగిపోయిన చిన్న కాలేజీ బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం. అందుకే తాత్కాలిక అధ్యక్షుడు కుర్చీలో కూర్చోగానే బ్యాంకు మేనేజరుతో మాట్లాడినంత శ్రద్ధగా గుర్తింపు సంస్థ ప్రతినిధితోనూ మాట్లాడాలి.

తొలి వారాలు

మొదట చేయాల్సింది వారాల వారీ నగదు లెక్క. ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది, ఏ శుక్రవారం నాటికి ఖాతా ఖాళీ అవుతుంది అన్నది ఒకే కాగితం మీదికి రావాలి. విశ్వవిద్యాలయాల వార్షిక బడ్జెట్‌లో ఈ సంగతి కనపడదు. ఫీజులు సెమిస్టరు మొదట్లో ఒక్కసారిగా వస్తాయి, జీతాలు మాత్రం నెలనెలా పోతాయి. కాబట్టి ఏడాది మొత్తం మీద మిగులు చూపించే సంస్థ కూడా సెలవుల నెలల్లో చేతులెత్తేయవచ్చు. తర్వాత పని కొత్త నియామకాలు ఆపడం, కాంట్రాక్టులన్నీ మళ్లీ చూడటం, పాత బకాయిలను వరసలో పెట్టడం. పీఎఫ్, పన్నులు ముందు కట్టాలి. సరఫరాదారులతో వాయిదాలు మాట్లాడుకోవాలి. విభాగాలు మూయడం, అధ్యాపకులను తగ్గించడం ఆ తర్వాతి మాట, అక్కడ తొందరపడితే కోర్టు కేసులు చుట్టుకుంటాయి.

ఈ పనులకు బయటివాడు కావాలా, లోపలివాడు చాలా? అమెరికాలో 1992 నుంచి రిజిస్ట్రీ అనే సంస్థ రిటైరైన అధ్యక్షులను తాత్కాలిక బాధ్యతలకు పంపుతోంది. వారికి ఆ కుర్చీ మీద ఆశ ఉండదు, ఎవరి మెహర్బానీ అక్కర్లేదు, చేదు నిర్ణయం తీసుకుని వెళ్లిపోగలరు. లోపలివాళ్లకు మనుషులు తెలుసు, ఏ ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలుసు. చరిత్రలో రెండు రకాలవాళ్లూ నెగ్గారు, రెండు రకాలవాళ్లూ ఓడారు. ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది ఆ వ్యక్తి వెనక ఉన్న బోర్డు. సంస్థను ముంచిన బోర్డే తాత్కాలిక సారథిని నియమించి, తాను మాత్రం కదలకుండా కూర్చుంటే, మారేది తలుపు మీద పేరుపలక మాత్రమే.

బోర్డు మారిన చోట్లు

న్యూయార్క్ రాష్ట్రంలోని అడెల్ఫై విశ్వవిద్యాలయం కథ ఈ మాటకు గట్టి సాక్ష్యం. 1985 నుంచి అధ్యక్షుడిగా ఉన్న పీటర్ డయమండోపోలస్ జీతభత్యాలు 1990ల నడుమ ఏడాదికి ఐదు లక్షల డాలర్లు దాటాయి. అప్పట్లో దేశంలో ఏ విశ్వవిద్యాలయాధ్యక్షుడికైనా దక్కిన మొత్తాల్లో అత్యధికమైన వాటిలో అది ఒకటి. మన్‌హాటన్‌లో ఆయన కోసం పది లక్షల డాలర్లకు పైబడిన ఫ్లాటు కొన్నారు. మరోవైపు విద్యార్థులు తగ్గిపోతున్నారు. ట్రస్టీల్లో ఇద్దరి కంపెనీలు విశ్వవిద్యాలయంతోనే వ్యాపారం చేస్తున్నాయి. అధ్యాపకులు, పూర్వవిద్యార్థులు, విద్యార్థులు ఒక కమిటీగా ఏర్పడి రాష్ట్ర రీజెంట్ల బోర్డుకు ఫిర్యాదు చేశారు. నెలల తరబడి విచారణ జరిగింది. 1997 ఫిబ్రవరి 10న రీజెంట్లు 19 మంది ట్రస్టీల్లో 18 మందిని ఒక్క దెబ్బతో తొలగించారు. కొత్త ట్రస్టీలు వచ్చిన కొద్దిరోజులకే అధ్యక్షుణ్ణి ఇంటికి పంపారు.

అక్కణ్ణుంచి అడెల్ఫైకి స్థిరత్వం రావడానికి మూడేళ్లు పట్టింది. జేమ్స్ నార్టన్ తాత్కాలిక అధ్యక్షుడిగా పనిచేశారు. 1998లో మాథ్యూ గోల్డ్‌స్టీన్ శాశ్వత అధ్యక్షుడిగా వచ్చారు గానీ, ఏడాది తిరిగేసరికి న్యూయార్క్ సిటీ విశ్వవిద్యాలయ ఛాన్సలర్‌గా వెళ్లిపోయారు. మళ్లీ ఖాళీ. పత్రికారంగం నుంచి వచ్చిన స్టీవెన్ ఐజెన్‌బర్గ్ తాత్కాలికంగా నిలబెట్టారు. 2000లో వచ్చిన రాబర్ట్ స్కాట్ 2015 దాకా ఉండి సంస్థను పూర్తిగా కుదుటపరిచారు. పాత ట్రస్టీలతో కుదిరిన రాజీలో వాళ్లనుంచి పది లక్షల డాలర్లకు పైగా విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చింది. మూడేళ్లలో ఇద్దరు తాత్కాలికులు వచ్చినా అడెల్ఫై నిలబడిందంటే కారణం ఒక్కటే. అధ్యక్షులు మారుతున్నా, ప్రతి లెక్కా అడిగే కొత్త బోర్డు మాత్రం కొనసాగింది.

వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ విశ్వవిద్యాలయం కాదు, 1901లో వీలునామాతో పుట్టిన చిన్న మహిళా కాలేజీ. అయినా ఈ అంశం మీద అంతకన్నా పనికొచ్చే ఉదాహరణ దొరకడం కష్టం. 2014లో జేమ్స్ జోన్స్ అక్కడ తాత్కాలిక అధ్యక్షుడిగా వచ్చారు. అంతకుముందు ఆయన కనెక్టికట్‌లో ట్రినిటీ కాలేజీ నడిపిన అనుభవశాలి. 2015 మార్చి 3న కాలేజీని ఆ వేసవితో శాశ్వతంగా మూసేస్తున్నట్టు ఆయన ప్రకటించారు. శాశ్వత నిధి సుమారు 8.5 కోట్ల డాలర్లు ఉన్నా, అధికభాగం షరతులతో కట్టుబడి ఉందని, కాలేజీకి భవిష్యత్తు లేదని బోర్డు తేల్చింది. పూర్వవిద్యార్థినులకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు, విరాళాలకు పిలుపు ఇవ్వలేదు.

ఆ మహిళలు ఊరుకోలేదు. 'సేవింగ్ స్వీట్ బ్రయర్' పేరుతో సంఘం కట్టి, విరాళాల హామీలు సేకరించి, లాయర్లను పెట్టుకున్నారు. స్థానిక కౌంటీ అటార్నీ ఎల్లెన్ బోయర్ ప్రజల తరఫున దావా వేశారు. జూన్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ మార్క్ హెరింగ్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. పూర్వవిద్యార్థినులు 1.2 కోట్ల డాలర్లు ఇవ్వాలి. శాశ్వత నిధిలో 1.6 కోట్ల డాలర్ల మీద ఉన్న షరతులు సడలించాలి. జోన్స్ రాజీనామా చేయాలి, బోర్డులో మెజారిటీ కొత్తవాళ్లే ఉండాలి. బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ మాజీ అధ్యక్షుడు ఫిలిప్ స్టోన్ జూలైలో పగ్గాలు చేపట్టారు. అప్పటికి చాలామంది అధ్యాపకులు వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు, విద్యార్థినులు బదిలీ కాగితాలు తీసుకున్నారు. స్టోన్ ఒక్కొక్కరినీ వెనక్కి పిలుస్తూ వేసవి గడిపారు. కాలేజీ తెరిచేనాటికి వచ్చినవాళ్లు ముందటేడాది సంఖ్యలో సగానికి తక్కువే. అయినా తెరిచారు. ఆయన 2017లో తప్పుకొన్నాక వచ్చిన మెరెడిత్ వూ ప్రకటిత ఫీజును, హాస్టల్ ఖర్చును కలిపి దాదాపు మూడోవంతు తగ్గించి, ఉత్తుత్తి ధర చూపించి రాయితీ ఇచ్చే పద్ధతికి స్వస్తి చెప్పారు.

ఒకే కాలేజీ, ఒకే ఖాతా పుస్తకాలు. వాటిని చూసి ఒకరు మూతవేతకు, మరొకరు పునఃప్రారంభానికి నిర్ణయించారు. జోన్స్ చూపించిన అంకెలు తప్పు కావు. కానీ ఆ అంకెలను కాలేజీ మీద ప్రాణం పెట్టుకున్న వేలమంది ముందు సకాలంలో పెట్టకపోవడం తప్పే. మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీ 2019లో దాదాపు ఇదే పొరపాటు చేయబోయింది. కొత్త విద్యార్థులను చేర్చుకోవడమే ఆపేయవచ్చని జనవరిలో ప్రకటించిన అధ్యక్షురాలు ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. కాలేజీ వ్యవస్థాపకుల్లో ఒకరైన కెన్ రోసెంథాల్ తాత్కాలికంగా వచ్చి, స్వతంత్రంగానే కొనసాగుదామన్నవాళ్లను కూడగట్టారు. ఆ ఆగస్టుకల్లా శాశ్వత అధ్యక్షుడు వచ్చారు.

లోపలి మనిషి

వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయం 1867లో పుట్టింది. నల్లజాతి అమెరికన్ల చదువుకు అది పెద్ద దిక్కు. 2013లో బోర్డు ఉపాధ్యక్షురాలు తోటి ట్రస్టీలకు రాసిన లేఖ పత్రికలకెక్కింది. కఠిన నిర్ణయాలు తీసుకోకపోతే మూడేళ్లలో హోవార్డ్ ఉండదన్నది దాని సారాంశం. సొంత ఆస్పత్రి నష్టాలు, తగ్గిన అడ్మిషన్లు, కేంద్ర నిధుల్లో కోత అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆ సెప్టెంబరులో రేటింగ్ సంస్థ మూడీస్ దాని రుణ రేటింగ్ తగ్గించింది. అక్టోబరు 1న అధ్యక్షుడు సిడ్నీ రిబో తప్పుకోవడంతో విద్యావ్యవహారాల అధిపతి (ప్రోవోస్ట్)గా ఉన్న వేన్ ఫ్రెడరిక్ తాత్కాలిక అధ్యక్షుడయ్యారు.

ఫ్రెడరిక్ ట్రినిడాడ్‌లో పుట్టి, 16 ఏళ్లకు హోవార్డ్‌లో చేరి అక్కడే సర్జన్ అయిన మనిషి. సికిల్ సెల్ వ్యాధితో పుట్టి, దాని మీద పనిచేసిన డాక్టర్లున్న విశ్వవిద్యాలయాన్నే ఎంచుకున్నారు. ఆయన హయాం మొదలైన కొద్దినెలలకే సుమారు 200 ఉద్యోగాలు తీసేశారు. ఆస్పత్రి నిర్వహణకు బయటి సంస్థ సాయం తెచ్చారు. 2014 జూలైలో బోర్డు ఆయన్నే శాశ్వత అధ్యక్షుణ్ణి చేసింది, 2023 దాకా ఉన్నారు. ఆస్పత్రి చిక్కు మాత్రం ఏళ్ల తరబడి తేలలేదు. 2020లో నిర్వహణ అడ్వెంటిస్ట్ హెల్త్‌కేర్‌కు అప్పగించారు. అదే ఏడాది ప్రముఖ దాత మెకెంజీ స్కాట్ 4 కోట్ల డాలర్ల విరాళం ఇచ్చారు. తాత్కాలిక పదవిలో ఉన్న మనిషే శాశ్వత పదవికి పోటీపడితే కఠిన నిర్ణయాలు వాయిదా వేస్తాడన్న అనుమానం సబబే. ఫ్రెడరిక్ ఆ అనుమానానికి తావివ్వలేదు, ఉద్యోగాల కోత పోటీలో ఉండగానే చేశారు.

తాత్కాలికంగా గట్టెక్కినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. అలబామాలోని బర్మింగ్‌హామ్-సదర్న్ కాలేజీలో 2010లో విద్యార్థి సహాయ నిధుల లెక్కల్లో ఏళ్ల తరబడి జరిగిన పొరపాటు బయటపడి అధ్యక్షుడు దిగిపోయారు. మరుసటేడాది వచ్చిన రిటైర్డ్ జనరల్ చార్లెస్ క్రూలక్ జీతం తీసుకోకుండా పనిచేసి కాలేజీని కాస్త నిలబెట్టారు. తరిగిపోయిన నిధి మాత్రం తిరిగి నిండలేదు. 2024 మే 31న ఆ కాలేజీ మూతపడింది.

అన్నామలై

దక్షిణ భారతంలో ఈ అంశానికి పెద్ద ఉదాహరణ చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయం. 1928 నాటి చట్టంతో, రాజా సర్ అన్నామలై చెట్టియార్ దానంతో 1929లో మొదలైంది. చట్టం ప్రకారం పుట్టిందే అయినా పెత్తనం మాత్రం వ్యవస్థాపక కుటుంబానిదే. ఆ కుటుంబ పెద్ద ప్రో-ఛాన్సలర్, వైస్ ఛాన్సలర్ ఎంపికలో ఆయన మాటే చెల్లేది. తెలుగు నేల మీద ఈ పేరు తెలియని టీచరు అరుదు. అన్నామలై దూరవిద్యలో డిగ్రీ, పీజీ చేసి ప్రమోషన్లు పొందిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో ఇప్పటికీ కనపడతారు. ఆదివారం స్టడీ సెంటర్లో క్లాసు విని, పోస్టులో వచ్చిన పుస్తకాలు చదివి పరీక్ష రాసినవాళ్లు వాళ్లు. ఆ దూరవిద్య ఫీజులే విశ్వవిద్యాలయానికి ఊపిరి.

ఉద్యోగుల సంఖ్య మాత్రం అదుపు తప్పింది. సంక్షోభం నాటికి బోధన, బోధనేతర సిబ్బంది కలిపి 12 వేలు దాటారు. 2012 నవంబరులో జీతాల కోత, ఉద్యోగుల తొలగింపు తప్పదని యాజమాన్యం చెప్పగానే సిబ్బంది రోడ్డెక్కారు, తరగతులు ఆగిపోయాయి. తమిళనాడు ప్రభుత్వం విచారణ జరిపించి, ఆర్థిక అవకతవకలు ఉన్నాయని తేల్చి, 2013 ఏప్రిల్‌లో ఐఏఎస్ అధికారి శివ్‌దాస్ మీనాను అడ్మినిస్ట్రేటర్‌గా నియమించింది. వీసీని సస్పెండ్ చేశారు. అదే ఏడాది శాసనసభ కొత్త చట్టం చేసి వ్యవస్థాపక కుటుంబానికి ఉన్న ప్రత్యేక హక్కులు తొలగించింది. ప్రైవేటు పెత్తనం అంతటితో ముగిసింది.

మీనా ముందున్న చిక్కు ఇంతవరకు చూసిన అమెరికా తాత్కాలిక అధ్యక్షులెవరికీ ఆ స్థాయిలో ఎదురుకానిది. మిగులు సిబ్బందిని తీసేస్తే వేల కుటుంబాలు రోడ్డున పడతాయి, ఉంచితే జీతాలకు డబ్బు లేదు. చివరికి ప్రభుత్వం ఎంచుకున్న మార్గం బదలాయింపు. మిగులు అధ్యాపకులను ప్రభుత్వ కాలేజీలకు, పాలిటెక్నిక్‌లకు, బోధనేతర సిబ్బందిని వివిధ శాఖలకు డిప్యుటేషన్ మీద విడతలవారీగా పంపారు. వేలమంది అలా సర్దుకున్నారు. జీతాల గ్రాంటు సర్కారే భరించింది. సరిగ్గా అదే కాలంలో ఆదాయం వైపు దెబ్బ తగిలింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సొంత రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు నడపరాదని యూజీసీ 2013లో గట్టిగా చెప్పడంతో, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చే దూరవిద్య ఫీజులకు గండి పడింది.

విశ్వవిద్యాలయం సర్కారుదయ్యాక కూడా రాజా ముత్తయ్య మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫీజు ఏడాదికి ఐదు లక్షలకు పైగానే సాగింది. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో అది 13 వేల చిల్లర. 2020 చివర్లో విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన వారాల తరబడి నడిచాక, 2021లో కాలేజీని ఆరోగ్యశాఖకు అప్పగించి ఫీజు తగ్గించారు. అంటే అడ్మినిస్ట్రేటర్ వచ్చిన ఎనిమిదేళ్ల దాకా పాత భారంలో కొంత విద్యార్థుల జేబు మీదే ఉంది. మీనా తర్వాతి రోజుల్లో తమిళనాడు ప్రధాన కార్యదర్శి అయ్యారు. విశ్వవిద్యాలయం మూతపడలేదు, జీతాలు ఆగిపోయిన స్థితి నుంచి బయటపడింది. కానీ దాన్ని నిలబెట్టింది ప్రధానంగా ప్రభుత్వ ఖజానా. అన్నామలై తన కాళ్ల మీద తాను లేచిందనడం సరికాదు.

మన రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు చేశాయి. అమరావతిలో విట్, ఎస్ఆర్ఎం 2017లో తెరుచుకున్నాయి. తెలంగాణలో 2020లో మహీంద్రా, వోక్సెన్, అనురాగ్, మల్లారెడ్డి, ఎస్ఆర్ విశ్వవిద్యాలయాలకు అనుమతి వచ్చింది. వీటిలో చాలావరకు స్థాపకుల తొలి తరం చేతుల్లోనే ఉన్నాయి. పెద్ద ఆర్థిక పరీక్ష ఇంకా ఎదురుకాలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలతో జీతాలు నెలల తరబడి ఆలస్యమైన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

తాత్కాలిక సారథ్యం గురించి మనకున్న అనుభవమంతా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలదే, అది ఆశాజనకంగా లేదు. తెలంగాణలో 2024 మేలో పది మంది వీసీల పదవీకాలం ఒకేసారి ముగిస్తే ఐఏఎస్ అధికారులను ఇన్‌చార్జులుగా వేశారు. సచివాలయంలో తమ శాఖ చూసుకుంటూనే వాళ్లు ఈ ఫైళ్లు కూడా చూడాలి. కొత్త వీసీలు వచ్చేసరికి అక్టోబరు అయింది. ఇది కుర్చీ ఖాళీగా లేదనిపించుకునే ఏర్పాటు. ఆర్థికంగా కూలుతున్న సంస్థను నిలబెట్టాలంటే పూర్తికాలం పనిచేసే మనిషి, రాతపూర్వకమైన అధికారాలు, ముందే చెప్పిన గడువు కావాలి. తొలి నెలలోనే సిబ్బందికీ తల్లిదండ్రులకూ నిజమైన లెక్కలు చెప్పే బాధ్యత కూడా ఆ ఉత్తర్వులోనే ఉండాలి.

ఈ నిబంధనలు సంక్షోభం వచ్చాక కాదు, ఇప్పుడే రాయాలి. అడ్మినిస్ట్రేటర్‌ను ఎప్పుడు నియమించాలి, పాత పాలకమండలి ఏమవుతుంది, చదువు మధ్యలో ఉన్న పిల్లలను ఎవరు చూసుకుంటారు అన్న మూడు ప్రశ్నలకు రెండు ప్రభుత్వాలూ స్పష్టంగా జవాబివ్వాలి. ప్రతి ప్రైవేటు విశ్వవిద్యాలయమూ ఆడిట్ చేసిన వార్షిక లెక్కలను అందరికీ కనపడేలా పెట్టాలి. లక్షలు కట్టి పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు ప్లేస్‌మెంట్ల కరపత్రంతో పాటు గత మూడేళ్ల ఆ లెక్కలు కూడా అడగాలి.